తొమ్మిదే కదా అనుకోకండి: న్యూ ఇంగ్లండ్ కంట్రీ క్లబ్ గోల్ఫ్ కోర్సుపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా ఈశాన్య మూల న్యూ ఇంగ్లండ్ అనే ప్రాంతం ఉంది. అందులోని మసాచుసెట్స్‌లో మేముండే ఊరికి ఇరవై నిమిషాల దూరంలో కొండ వాలు మీద ఒక చిన్న కంట్రీ క్లబ్ ఉంది. తొమ్మిది హోల్సే. అందులో మెంబర్‌నయ్యాక తెలిసినవాళ్ళని ఒక్కొక్కరినీ గెస్టుగా తీసుకెళ్తున్నాను. వెళ్ళేటప్పుడు కార్లో అందరూ అవే ప్రశ్నలు వేస్తారు. తిరిగొచ్చేటప్పుడు వేసే ప్రశ్నలు వేరు, వాటిలో కాస్త కోపం కూడా ఉంటుంది. రెండు రకాలకీ ఇక్కడ జవాబులు రాస్తున్నాను. గోల్ఫ్ అంటే ఏమిటో కొంచెం తెలిసి, డ్రైవింగ్ రేంజ్‌లో బంతులు కొట్టి, అసలు కోర్సు ఇంకా ఎక్కనివాళ్ళ కోసం ఇది.

తొమ్మిది హోల్సే కదా, పిల్లల కోర్సా ఇది?

కాదు. పిల్లలకీ ప్రాక్టీసుకీ వేసే పొట్టి కోర్సులు వేరే ఉంటాయి, వాటిలో అన్నీ పార్ 3 హోల్సే, అంటే మూడు దెబ్బల్లో (స్ట్రోకుల్లో) ముగించాలని లెక్కేసినవి. నేను చెప్పేది పూర్తి కొలతల కోర్సు. పార్ 3, పార్ 4, పార్ 5 అన్నీ ఉంటాయి. పొడవు మూడు వేల గజాలకు అటూ ఇటూ, పార్ 35 లేదా 36. రెండుసార్లు తిరిగితే పద్దెనిమిది.

పద్దెనిమిది అనేది బ్రహ్మ రాసిన లెక్కేమీ కాదు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 1764 దాకా ఒక రౌండుకి 22 హోల్స్ ఆడేవాళ్ళు, కొన్నిటిని కలిపేశాక 18 అయ్యాయి. 1860లో మొదటి ఓపెన్ టోర్నీ (బ్రిటిష్ ఓపెన్) జరిగిన ప్రెస్ట్‌విక్‌లో ఉన్నవి 12 హోల్సే, వాటినే మూడుసార్లు తిరిగారు. ఇంగ్లండ్‌లో రాయల్ వర్లింగ్టన్ అండ్ న్యూమార్కెట్ క్లబ్ ఇప్పటికీ తొమ్మిదితోనే నడుస్తోంది, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ జట్టు తరతరాలుగా ఆడేది అక్కడే. మన దేశంలో సిమ్లా దగ్గర దేవదారు చెట్ల మధ్య ఉన్న నాల్దెహ్రా కూడా తొమ్మిదే. లార్డ్ కర్జన్‌కి ఆ చోటు ఎంత నచ్చిందంటే 1904లో పుట్టిన కూతురికి అలెగ్జాండ్రా నాల్దెరా అని పేరు పెట్టాడు. పిట్ట కొంచెం కూత ఘనం అనే మాట ఈ కోర్సులన్నిటికీ సరిపోతుంది.

న్యూ ఇంగ్లండ్‌లోనే ఇన్ని చిన్న కోర్సులు ఎందుకున్నాయి?

నేల వల్ల. హిమానీనదాలు కరిగిపోతూ ఇక్కడ వదిలేసిన రాళ్ళు అన్నీ ఇన్నీ కావు. పాతకాలపు రైతులు దున్నేముందు ఆ రాళ్ళు ఏరి పొలం గట్ల మీద గోడలుగా పేర్చారు. ఆ గోడలు ఇప్పటికీ అడవుల్లో, ఇళ్ళ మధ్య, గోల్ఫ్ కోర్సుల్లో కనిపిస్తాయి. రాయి, వాలు, చిత్తడి పోను గోల్ఫ్‌కి పనికొచ్చే నేల దొరికేదే కొంచెం. దాంతో చిన్న ఊళ్ళు తొమ్మిదితో సరిపెట్టుకున్నాయి.

వీటిలో అందరూ చెప్పుకునేది విటిన్స్‌విల్. బట్టల మిల్లులకి యంత్రాలు తయారుచేసిన విటిన్ కుటుంబం పేరు మీద వెలసిన ఊరది. అక్కడి తొమ్మిది హోల్స్ 1925లో డొనాల్డ్ రాస్ గీసినవి. రాస్ స్కాట్లండ్‌లోని డోర్నాక్‌లో పుట్టి, 1899లో బోస్టన్ పక్కకి వచ్చి స్థిరపడ్డాడు. తర్వాత అమెరికా అంతటా కొన్ని వందల కోర్సులు గీశాడు, నార్త్ కెరొలైనాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 అతనిదే. ఆయన ప్రభావం ఈ చుట్టుపక్కల ఏ పాత కోర్సుకి వెళ్ళినా కనిపిస్తుంది. కనిపించడమేమిటి, తగులుతుంది. గ్రీన్ల (జెండా ఉండే నున్నటి గడ్డి) గురించి చెప్పేటప్పుడు మళ్ళీ ఆ సంగతికి వస్తాను.

కంట్రీ క్లబ్ అంటే డబ్బున్న పెద్దవాళ్ళ వ్యవహారం కాదా? నన్ను రానిస్తారా?

పెద్ద క్లబ్బులు అలాంటివే, కాదనను. ఆ పేరుకి మూలమైన 'ది కంట్రీ క్లబ్' బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో 1882లో మొదలైంది. అప్పట్లో అక్కడ గుర్రాలే ముఖ్యం, గోల్ఫ్ 1893లో ఆరు హోల్స్‌తో వచ్చింది. కానీ అదే క్లబ్ ఎదురుగా, రోడ్డుకి అవతలి ఇంట్లో ఫ్రాన్సిస్ విమెట్ అనే కుర్రాడు ఉండేవాడు. అక్కడ క్యాడీగా సంచులు మోసినవాడు. 1913లో ఇరవై ఏళ్ళ వయసులో అదే కోర్సులో జరిగిన యూఎస్ ఓపెన్‌లో హ్యారీ వార్డన్, టెడ్ రే అనే ఇద్దరు బ్రిటిష్ దిగ్గజాలని ప్లేఆఫ్‌లో ఓడించాడు. అతని సంచి మోసిన ఎడ్డీ లోరీకి పదేళ్ళు.

తొమ్మిది హోల్స్ క్లబ్బులు సాధారణంగా అంత బిగుసుకుని ఉండవు. చాలావాటిని సెమీ ప్రైవేట్ అంటారు, మెంబర్ల సమయం పోను మిగతా గంటల్లో ఎవరైనా ఫోన్ చేసి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) తీసుకోవచ్చు. పూర్తి ప్రైవేట్ అయితే మెంబర్ వెంట ఉండాలి. గెస్టు ఫీజు మెంబర్ ఖాతాలో పడుతుంది, కౌంటర్ దగ్గర మీరు కార్డు తీసినా తీసుకోరు. అక్కడ 'నేనిస్తా, కాదు నేనిస్తా' అని బిల్లు దగ్గర మనం చేసే పోట్లాట పెట్టకండి. తర్వాత బయట మెంబర్‌కి భోజనం పెట్టించండి, లెక్క సరిపోతుంది.

ఏం వేసుకోవాలి?

కాలర్ ఉన్న టీషర్టు, ప్యాంటు గానీ మోకాలి దాకా వచ్చే షార్ట్స్ గానీ. జీన్స్ వద్దు. గోల్ఫ్ షూస్ లేకపోతే మామూలు స్నీకర్స్ చాలు, కానీ పొద్దున్నే మంచుకి తడిసిన గడ్డి మీద జారతాయి. క్లబ్ హౌస్ లోపల టోపీ తీసేయాలి. ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి. ఇండియా నుంచి అమ్మ ఫోన్ చేస్తే పార్కింగ్‌లోకి వెళ్ళి మాట్లాడండి.

స్కోర్‌కార్డు మీద స్లోప్, రేటింగ్ అని అంకెలున్నాయి. అవి చూసి భయపడాలా?

భయం అక్కర్లేదు, అర్థం చేసుకుంటే చాలు. కోర్స్ రేటింగ్ అంటే బాగా ఆడే మనిషికి ఎన్ని స్ట్రోకులు పట్టొచ్చన్న అంచనా. స్లోప్ అంటే ఆ మనిషితో పోలిస్తే మనలాంటివాళ్ళు ఎంత ఎక్కువ ఇబ్బంది పడతారన్న లెక్క. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉంటుంది, మామూలు కోర్సు అంటే 113. కాబట్టి మూడు వేల గజాల బుల్లి కోర్సు మీద 128 అని కనిపిస్తే అది తప్పు అచ్చు కాదు. పొడవులో లేని కష్టం ఇంకెక్కడో దాక్కుని ఉందని అర్థం.

ఎంత స్కోరు వస్తే పరువు నిలిచినట్టు?

తిరుగు ప్రయాణంలో అందరూ అడిగేది ఇదే, నిజానికి వెళ్ళేటప్పుడే అడగాల్సింది. ఒక లెక్క వేసి చూపిస్తాను. మీ హ్యాండిక్యాప్ ఇండెక్స్ (మీ ఆట స్థాయిని చెప్పే అంకె) 24 అనుకుందాం. తొమ్మిది హోల్స్‌కి అందులో సగం, 12. దాన్ని స్లోప్ 128తో గుణించి 113తో భాగిస్తే 13.6 వస్తుంది. రేటింగ్ 35.2, పార్ 35 అయితే ఆ తేడా 0.2 కలపాలి. దగ్గరి అంకెకి సర్దితే 14.

అంటే పార్ 35 మీద పద్నాలుగు ఎక్కువ కొట్టి 49తో వస్తే మీరు మీ స్థాయికి తగ్గట్టు ఆడినట్టే. తొమ్మిది హోల్స్‌లోనూ బోగీ (పార్ కంటే ఒకటి ఎక్కువ) కొట్టినా ఇంకా ఐదు స్ట్రోకులు చేతిలో మిగులుతాయి. ఈ ముక్క బుర్రకెక్కితే చాలా టెన్షన్ పోతుంది. పార్ అనేది కార్డు మీద అచ్చేసిన అంకె, అది మీ కోసం వేసింది కాదు. మొదటి హోల్‌లో ఆరు వచ్చిందని మొహం వేలాడేసుకుని, రెండో హోల్‌లో ఆ రెండు స్ట్రోకులూ వెనక్కి లాగాలని అన్నిటికంటే దూరం కొట్టే డ్రైవర్ కర్రని ఊపితే ఎనిమిది వస్తుంది. నేను తీసుకెళ్ళినవాళ్ళలో సగం మంది చేసేది ఇదే. మొదటి రెండేళ్ళు నేనూ అదే చేశాను.

2024 నుంచి తొమ్మిది హోల్స్ స్కోరు వేయగానే హ్యాండిక్యాప్ లెక్కలోకి వెళ్తుంది. అంతకుముందు ఇంకో తొమ్మిది ఆడి జత కలిపేదాకా ఆగాల్సి వచ్చేది.

అసలు కష్టం ఎక్కడుంది? చూస్తే అంతా పచ్చగా, వెడల్పుగానే ఉందే?

గ్రీన్ల దగ్గర. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి చూస్తే ఫెయిర్‌వే (గ్రీన్ దాకా వెళ్ళే కోసిన గడ్డి దారి) వెడల్పు చూసి ముచ్చటేస్తుంది, కావాలనే అలా వదిలేస్తారు. రాస్ ప్రభావం ఉన్న పాత కోర్సుల్లో గ్రీన్లు చిన్నవి, మధ్యలో ఉబ్బి అంచులు కిందికి జారి ఉంటాయి. బోర్లించిన మూకుడు మీద గోలీ పెట్టి చూడండి, అదీ సంగతి. గ్రీన్ మీద పడ్డ బంతి నిలబడదు. నిదానంగా, మర్యాదగా, ఎవరో పిలిచినట్టు అంచు దాకా వెళ్ళి కిందికి దిగిపోతుంది. అవతలి వైపు నుంచి మెల్లగా చిప్ చేస్తే (కొంచెం లేపి కొడితే) ఇవతలికి దిగుతుంది. మా ఆరో హోల్‌లో ఒక స్నేహితుడు ఇలా నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాడు, గ్రీన్ చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నట్టే ఉంది. ఐదోసారి పటర్ (గ్రీన్ మీద బంతిని నెట్టే కర్ర) తీసి కింది గడ్డిలోంచే నెట్టాడు. బంతి గట్టెక్కి జెండాకి పది అడుగుల్లో ఆగింది.

ఆ ఐదో ఆలోచన మొదటే రావాలి. గ్రీన్ పక్క గడ్డి పొట్టిగా కోసి ఉంటే వెడ్జ్ (బంతిని పైకి లేపే కర్ర) ముట్టుకోకండి, పటర్‌తో గానీ ఎనిమిదో నంబర్ ఐరన్‌తో గానీ నేల మీద దొర్లించండి. ఫెయిర్‌వే నుంచి కొట్టేటప్పుడు జెండా ఎక్కడుందో చూడకండి, గ్రీన్ ముందు భాగం మధ్యకి కొట్టండి. పొట్టిగా పడ్డా ముందుంటారు, అక్కణ్ణుంచి ఎక్కువగా ఎదురు వాలు మీద చిప్ వస్తుంది. గ్రీన్ దాటి వెనక పడితే వాలు కిందికి చిప్ చేయాలి, అది ఆగదు. మా కోర్సులో తొమ్మిదింట ఏడు గ్రీన్ల వెనక ఏదో ఒక గోతి ఉంది.

గ్రీన్ ఎంత వేగంగా ఉందో కొలవడానికి స్టింప్‌మీటర్ అని మూడడుగుల లోహపు కాడ ఉంటుంది. దాని మీంచి బంతిని జారవిడిచి ఎన్ని అడుగులు దొర్లిందో చూస్తారు. 1935 యూఎస్ ఓపెన్ చూసొచ్చి దాన్ని తయారుచేసిన ఎడ్వర్డ్ స్టింప్సన్ కూడా మసాచుసెట్స్ మనిషే. ఇక్కడి గ్రీన్లతో వేగినవాడికే ఆ ఆలోచన వచ్చి ఉంటుందని నా అనుమానం.

ఎత్తు మీదున్న పార్ 3 గురించి అందరూ చెప్తారు. ఎలా ఆడాలి?

మా నాలుగో హోల్ అది. కార్డు మీద 165 గజాలు. టీ దగ్గర నిలబడితే జెండా పైసగం మాత్రమే కనిపిస్తుంది, గ్రీన్ కనిపించదు. కుడి పక్క లోతైన బంకర్ (ఇసుక గుంట), ఎడమ పక్క ఓక్ చెట్లు. గ్రీన్ ముందు భాగం మనవైపు వాలి ఉంటుంది, అంచున పడ్డ బంతి ముప్పై గజాలు వెనక్కి దొర్లి లోయలోకి వస్తుంది.

ఎత్తుకి కొట్టేటప్పుడు ప్రతి మూడడుగుల ఎత్తుకీ ఒక గజం కలుపుకోవడం వాడుకలో ఉన్న లెక్క. ముప్పై అడుగుల ఎత్తంటే పది గజాలు, అంటే ఒక క్లబ్ (కొట్టే కర్ర) పెద్దది తీసుకోవాలి. మే నెల పొద్దున చలిలో బంతి ఇంకా పొట్టిగా పోతుంది, అప్పుడు రెండు. మగవాళ్ళకి ఇది ఒప్పుకోవడం కష్టం. పక్కవాడు ఏడో నంబర్ ఐరన్ తీశాడని మనమూ అదే తీస్తాం. నేను మొదటిసారి అక్కడ తొమ్మిది స్ట్రోకులు కొట్టాను. మూడుసార్లు బంతి కొండెక్కి, నేను నడిచి దగ్గరికి వెళ్ళేలోపు తోక ఊపుకుంటూ వచ్చే కుక్కపిల్లలా నా కాళ్ళ దగ్గరికే వచ్చేసింది. ఇప్పుడు ఇంకా దూరం పోయే హైబ్రిడ్ కర్ర తీసి నిదానంగా కొడతాను. గ్రీన్ మీద నిలిస్తే అదృష్టం, లేకపోతే నాలుగుతో బయటపడి ముందుకి వెళ్ళిపోతాను.

బంతి చెట్ల మధ్యకి వెళ్ళింది. సందులోంచి గ్రీన్ కనిపిస్తోంది. కొట్టొచ్చా?

కొట్టకండి. పక్కకి, ఫెయిర్‌వేలోకి చిన్నగా తోసేయండి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత ఉందే, అది ఈ సందర్భానికే పుట్టినట్టుంటుంది. ఒక స్ట్రోకు మిగిల్చుకుందామని కొట్టిన బంతి ఓక్ మానుకి తగిలి టక్కుమని వెనక్కి, ఇంకా లోపలికి వెళ్తుంది. ఒక్కోసారి మన మీదికే వస్తుంది.

బంతి రాతి గోడని ఆనుకుని ఆగింది. ఇప్పుడేం చేయాలి?

ఈ ప్రాంతపు సొంత ప్రశ్న ఇది. ముందు ఆ గోడ ఏమిటో తెలుసుకోవాలి, కార్డు వెనకాల రాసి ఉంటుంది. అది కోర్సు సరిహద్దు అయితే ఉచితంగా జరుపుకునే హక్కు లేదు. ఆడలేనంటే ఒక స్ట్రోకు జరిమానాతో రెండు క్లబ్బుల (కర్రల) పొడవు లోపల బంతిని చేత్తో కిందికి వదలొచ్చు, హోల్‌కి దగ్గరగా మాత్రం కాదు.

గోడ కోర్సు మధ్యలో ఉంటే సాధారణంగా దాన్ని కదలని అడ్డంకిగా లెక్కిస్తారు. మీరు నిలబడటానికో స్వింగ్‌కో అడ్డొస్తే జరిమానా లేదు. అడ్డు పూర్తిగా పోయే దగ్గరి చోటు చూసుకుని, అక్కణ్ణుంచి ఒక క్లబ్ పొడవు లోపల, మోకాలి ఎత్తు నుంచి బంతి వదలాలి. బంతికీ జెండాకీ మధ్య గోడ ఉందన్న కారణంతో మాత్రం ఏ సాయమూ రాదు, మీద నుంచి కొట్టుకోవాల్సిందే. కొన్ని క్లబ్బులు ఆ గోడ కోర్సులో భాగమేనని లోకల్ రూల్ పెడతాయి. అప్పుడు ఈ ఉచిత సౌకర్యమూ ఉండదు. అందుకే కార్డు వెనక వైపు చదవమంటున్నాను, ఎవరూ చదవరు.

బంతి పోతే?

వెతకడానికి మూడు నిమిషాలే. 2019కి ముందు ఐదు ఉండేవి. పోయినా, కోర్సు హద్దు చూపే తెల్లటి కర్రలు దాటి బయటపడ్డా, ఒక స్ట్రోకు జరిమానాతో మళ్ళీ కొట్టిన చోటికే రావాలి. పోయిన చోటే వెతుక్కోవాలంటారు పెద్దలు, ఇక్కడ పోగొట్టిన చోటికి నడవాలి. ఆ నడక తప్పాలంటే, అనుమానం రాగానే 'ప్రొవిజనల్ (ముందుజాగ్రత్త బంతి) కొడుతున్నా' అని నోటితో చెప్పి ఇంకో బంతి కొట్టండి. చెప్పకుండా కొడితే అదే అసలు బంతి అయిపోతుంది, మొదటిది దొరికినా పనికిరాదు. కొన్ని క్లబ్బుల్లో రెండు స్ట్రోకుల జరిమానాతో ఫెయిర్‌వే అంచున బంతి వదిలే లోకల్ రూల్ ఉంటుంది, స్నేహితుల మధ్య ఆటకి అదే హాయి.

సంచిలో కనీసం ఎనిమిది బంతులు ఉండాలి. కొత్తవి, ఖరీదైనవి వద్దు.

గడ్డిలో పురుగులుంటాయని భయపెడుతున్నారు. నిజమా?

నిజం. మామూలు పురుగులు కాదు, జింకల మీద ఉండే పిడుదులు. నువ్వుగింజంత, పిల్లవైతే గసగసాలంత ఉంటాయి. లైమ్ జబ్బు వాటి వల్లే వస్తుంది. ఆ జబ్బుకి ఆ పేరు కూడా పక్కన కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి నుంచి వచ్చిందే. పొడుగు గడ్డిలో, ఎండుటాకుల్లో బంతి కోసం దూరేముందు ప్యాంటు సాక్సులోకి దోపుకోండి. చూడ్డానికి బాగుండదు, ఫర్వాలేదు. ఇంటికి రాగానే స్నానం చేసి మోకాలి వెనక, చంకల్లో, జుట్టులో, నడుము చుట్టూ చూసుకోండి. పట్టుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నేరుగా లాగేయాలి. తర్వాత ఎర్రటి మచ్చ పెరుగుతున్నా జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మూడేసి ఆకుల గుత్తితో తీగలా అల్లుకునే పాయిజన్ ఐవీ కూడా ఆ చెట్ల కిందే ఉంటుంది. అది తగిలితే రోజుల తరబడి దురద. నాలుగు డాలర్ల బంతి కోసం ఇదంతా అవసరమా అంటే, నేనైతే గోడ దాటి లోపలికి వెళ్ళడం మానేశాను.

అదే తొమ్మిది మళ్ళీ ఆడటం బోరు కాదా?

తొమ్మిది హోల్స్ కోర్సు అసలు మజా అక్కడే ఉంది. రెండో చుట్టుకి చాలా క్లబ్బులు వేరే టీ వాడతాయి. మా రెండో హోల్ మొదటి చుట్టులో తేలికపాటి పార్ 5, రెండో చుట్టులో టీ ముందుకి జరిగి పొడుగాటి పార్ 4. నేల అదే, చెట్లు అవే, మన లెక్క మాత్రం మారిపోతుంది. కార్డు మీద కష్టం వరస చూసినా ఇది తెలుస్తుంది, మొదటి చుట్టుకి బేసి అంకెలు, రెండో చుట్టుకి సరి అంకెలు వేసి ఉంటాయి.

పద్దెనిమిది హోల్స్ కోర్సులో ఒక హోల్‌లో చేసిన తప్పు దిద్దుకోవాలంటే మళ్ళీ వారం ఆగాలి. ఇక్కడ రెండు గంటలే. మొదటిసారి బంతి ఎటు దొర్లిందో కళ్ళారా చూశారు, రెండోసారి ఆ పక్క కొట్టకూడదు. కానీ నా అనుభవంలో రెండో చుట్టే ఎక్కువ ముంచుతుంది. తెలిసిపోయిందన్న ధీమాతో మొదటిసారి ఐరన్‌తో ఆడిన హోల్‌ని రెండోసారి డ్రైవర్‌తో కొడతాం. నా పాత కార్డులు తిరగేస్తే మొదటి తొమ్మిది 46, రెండో తొమ్మిది 52, ఇలాంటివే ఎక్కువ. నీళ్ళు తాగి, కార్డు మడిచి జేబులో పెట్టి, మొదటి టీ దగ్గరికి కొత్తవాళ్ళలా వెళ్ళండి.

నేను నెమ్మదిగా ఆడతాను. వెనకవాళ్ళు ఏమైనా అంటారా?

బాగా ఆడనివాణ్ణి ఎవరూ ఏమీ అనరు. ఆలస్యం చేసేవాణ్ణి అంటారు. నలుగురు కలిసి తొమ్మిది హోల్స్ రెండు గంటల పదిహేను నిమిషాల్లో ముగిస్తే గౌరవంగా ఉంటుంది. ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్ళు కొట్టేయండి, 'మీరు కానివ్వండి, మీరు ముందు' అనే మర్యాదలు ఇక్కడ పనికిరావు. ఒక హోల్‌లో స్కోరు పార్‌కి రెట్టింపు అయితే బంతి చేతిలోకి తీసుకుని నడవండి. హోల్ అయ్యాక గ్రీన్ మీద నిలబడి లెక్కలు రాయకండి, తర్వాతి టీ దగ్గర రాసుకోండి.

చిన్న కోర్సులో ఇంకో చిక్కుంది. మీరు తొమ్మిది పూర్తిచేసి మళ్ళీ మొదటి టీకి వచ్చేసరికి అక్కడ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నిలబడి ఉంటారు. ముందెవరు అనేది క్లబ్బుని బట్టి మారుతుంది. బయల్దేరేటప్పుడే స్టార్టర్‌కి (మొదటి టీ దగ్గర ఆట మొదలుపెట్టించే మనిషికి) 'మేం పద్దెనిమిది ఆడుతున్నాం' అని చెప్పి ఉంచండి. హోల్స్ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బంతి పక్క ఫెయిర్‌వే వైపు వెళ్తుంటే సిగ్గుపడకుండా గట్టిగా 'ఫోర్' (జాగ్రత్త) అని అరవాలి.

బంతి గుంటలో ఉంది. ఎవరూ చూడట్లేదు కదా, కాస్త కాలితో జరిపితే?

సరదా ఆటలో అందరూ ఒప్పుకుంటే జరపండి, నాకేం అభ్యంతరం లేదు. స్కోరు రాసి హ్యాండిక్యాప్‌లో వేసేట్టయితే వద్దు.

ఇక్కడ మనవాడి సంగతి ఒకటి చెప్పాలి. గోల్ఫర్ సాహిత్ తీగల అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళు, అతను కాలిఫోర్నియాలో పెరిగి 2023లో పీజీఏ టూర్‌లో (అమెరికా ప్రొఫెషనల్ టోర్నీలు) మొదటి టైటిల్ గెలిచాడు. 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రోజు, మూడో హోల్ బంకర్‌లో బ్యాక్‌స్వింగ్ తీసేటప్పుడు కొంచెం ఇసుక కదిలిందని అతనికే అనిపించింది. ఎవరూ వేలెత్తి చూపలేదు. తనే చెప్పి రెండు స్ట్రోకుల జరిమానా వేయించుకున్నాడు, అయినా ఆ టోర్నీలో మూడో స్థానంలో నిలిచాడు. మా గుంపులో ఎవరైనా కాలు కదిపితే 'తీగల చూస్తున్నాడు' అంటాం.

పద్నాలుగు క్లబ్బులూ కావాలా?

పద్నాలుగు గరిష్ఠ పరిమితి, అన్నీ ఉండాలని లేదు. ఈ కోర్సుకి ఏడు చాలు: ఒక వుడ్, ఒక హైబ్రిడ్, మూడు ఐరన్లు, సాండ్ వెడ్జ్, పటర్. సంచి తేలికగా ఉంటే కొండెక్కేటప్పుడు మోకాళ్ళు దండం పెడతాయి. తొమ్మిది హోల్స్‌కి నాలుగైదు కిలోమీటర్ల నడక అవుతుంది. నడవలేకపోతే కార్టు తీసుకోండి, కానీ వాన పడ్డ మర్నాడు ఫెయిర్‌వే మీదికి కార్టులు రానివ్వరు, దారి మీదే ఉంచి బంతి దాకా నడవాలి. అప్పుడు కార్టు ఉన్నా లేనట్టే.

శాకాహారులకి తినడానికి ఏమైనా ఉంటుందా?

గ్రిల్డ్ చీజ్, ఫ్రెంచ్ ఫ్రైస్, అరటిపండు. అంతే. బయటి తిండి క్లబ్ హౌస్‌లోకి తీసుకెళ్ళకూడదు. సంచి జేబులో వేయించిన పల్లీల పొట్లం పెట్టుకుంటే ఎవరూ అడగరు.

ఉరుములు మొదలైతే?

సైరన్ మోగగానే ఆట ఆపి, బంతి అక్కడే వదిలేసి క్లబ్ హౌస్‌కో కారులోకో వెళ్ళిపోవాలి. చెట్టు కిందికి వెళ్ళొద్దు, గొడుగు తెరవొద్దు. 'ఈ ఒక్క పుట్ కొట్టి వస్తా' అనేవాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళండి.

ఇండియా నుంచి నాన్నగారు వచ్చారు. ఇంట్లో కూర్చుని విసుగెత్తిపోతున్నారు. వెంట తీసుకెళ్ళొచ్చా?

ముందుగా ప్రో షాపులో అడగండి. చాలా చిన్న క్లబ్బుల్లో ఆడకుండా వెంట నడిచేవాళ్ళని జనం లేని సాయంత్రాల్లో రానిస్తారు, కార్టులో కూర్చుంటే రైడర్ ఫీజని కొంచెం తీసుకుంటారు. బంతి కొట్టేటప్పుడు వెనకాల నిలబడకూడదని, ముందుకి అసలే వెళ్ళకూడదని ముందే చెప్పండి. టోపీ, నీళ్ళు, సౌకర్యంగా ఉండే బూట్లు తప్పనిసరి.

మా నాన్నగారిని రెండేళ్ళ క్రితం జూన్‌లో తీసుకెళ్ళాను. మొదటి మూడు హోల్స్ చేతులు వెనక్కి కట్టుకుని, ఈ నేలకి నీళ్ళెక్కణ్ణుంచి పెడుతున్నారు, గడ్డి ఎన్ని రోజులకోసారి కోస్తారు, కోసిన గడ్డి పశువులకి వేస్తారా అని అడిగారు. నాలుగో హోల్ కింద లోయలో నేను మూడోసారి కొడుతుంటే ఆయన వాగు గట్టున వంగి ఏదో చేస్తూ కనిపించారు. పైకొచ్చాక లుంగీలో గోంగూర కట్టుకొచ్చినట్టు టోపీ నిండా బంతులు పట్టుకొచ్చారు, పదకొండు. అందులో రెండు నావే, పోయిన సీజన్‌లో పోయినవి. సాక్సులోకి ప్యాంటు దోపుకోమని చెప్పడం మర్చిపోయాను, ఇంటికొచ్చాక ఆయన పిక్క మీద ఒక పిడుదు దొరికింది.